మొదటిసారి డీఎం కుర్చీలో కూర్చోబోతున్న చిన్నారికి

చిన్నారీ,

నలుగురు స్నేహితులకి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడిస్తానని, అంటే బల్ల చుట్టూ కూర్చుని పాత్రలుగా మారి ఆడే ఆ కథల ఆటకి డీఎంగా (డంజన్ మాస్టర్, కథ నడిపేవాడు) ఉంటానని, ఫాండెల్వర్ గని కథని నీకు నచ్చినట్టు మార్చుకుంటానని రాశావు. చాలా సంతోషం. 2014లో స్టార్టర్ సెట్‌తో, అంటే కొత్తవాళ్ల కోసం అమ్మిన పెట్టెతో, వచ్చిన కథ అది. పాత్రల్ని ఒకటో లెవెల్లో మొదలుపెట్టి ఐదో లెవెల్ దాకా తీసుకెళ్తుంది. కొత్త డీఎంకి అంతకంటే మంచిది నాకు తెలీదు.

నువ్వు ఎక్కువగా అడిగింది పేర్లు మార్చడం గురించి. అది ఒక సాయంత్రం పని. కథలోని ఫాండలిన్ ఊరిని నల్లమల అంచుకి తెచ్చుకున్నా ఆటకి నష్టం లేదు. అసలు కష్టపడాల్సింది కథలో ఎవరికి ఏం కావాలో తేల్చుకోవడం మీద. అది తెలిస్తే ఆటగాళ్లు ఎటు పోయినా నీకు టెన్షన్ ఉండదు.

మొదటి పోరాటమే చూడు. బాట మీద రెండు గుర్రాలు చచ్చిపడి ఉంటాయి, ఒంట్లో నల్ల ఈకల బాణాలు. పొదల్లో నలుగురు గాబ్లిన్లు, దోచుకునే పొట్టి రాక్షసులు. ఒకటో లెవెల్ విజర్డ్‌కి (మంత్రగాడి పాత్రకి) ఉండేవి ఏడెనిమిది హిట్ పాయింట్లు, అంటే దెబ్బలు తట్టుకునే ప్రాణబలం. గాబ్లిన్ కత్తివేటు ఒక్కోటి సగటున 5 తీసేస్తుంది. రెండు దెబ్బలకే మనిషి నేల మీద ఉంటాడు. అది చూసి భయపడి గాబ్లిన్లని ఇద్దరికి తగ్గించకు. వాళ్లకి కావలసింది సరుకు, ప్రాణాలు కాదు. పుస్తకంలో కూడా గాబ్లిన్లు గెలిస్తే స్పృహ తప్పినవాళ్లని అక్కడే వదిలేసి, దోచుకుని పోతారు. అప్పుడు ఓడినా ఆట ఆగదు. పోయిన సరుకు వెతుక్కుంటూ నీ స్నేహితులే గాబ్లిన్ల గుహకి వెళ్తారు.

ఆ గుహలో యీమిక్ అనే గాబ్లిన్ ఉంటాడు. బందీగా దొరికిన సిల్డార్‌ని గట్టు అంచుకి ఈడ్చి పట్టుకుని, మా నాయకుడు క్లార్గ్ తల తెస్తేనే వదులుతానంటాడు. ఇక్కడ తొందరపడి డైస్ (పాచికలు) వేయించకు. యీమిక్‌లా నువ్వే మాట్లాడు. వాడికి నాయకత్వం కావాలి, పైగా ఇంత ఆయుధాలతో వచ్చినవాళ్లంటే లోపల భయం కూడా. నీ స్నేహితులు గుసగుసలాడుకుంటారు, ఒకడు కత్తి దూద్దామంటాడు, ఇంకొకడు డబ్బు ఇద్దామంటాడు. పది నిమిషాలు వాదించుకున్నా మధ్యలో దూరకు. ఆ వాదనే ఆట. ఏదో ఒకటి తేల్చుకున్నాక, అది సులువైతే 10, మామూలుదైతే 15, కష్టమైతే 20 అని పాచిక వేస్తే అందుకోవాల్సిన టార్గెట్ పెట్టి అప్పుడు వేయించు. ఓడిపోయినా కథలో ఏమీ మారదనుకుంటే అసలు వేయించనే వద్దు.

కథలో థండర్‌ట్రీ అనే పాడుబడ్డ ఊళ్లో డ్రాగన్ ఉంది కదా, దాన్ని తీసేద్దామనుకుంటున్నానని రాశావు. వద్దమ్మా. దాని విషపు ఊపిరి సగటున 42 తీస్తుంది, మూడో లెవెల్ వాళ్లు ఒక్క దెబ్బకి పడిపోతారు, నిజమే. కానీ అదే ఊళ్లో రీడోత్ అనే డ్రూయిడ్ (ప్రకృతి మంత్రగాడు) ఉన్నాడు. వాడి చేత ముందుగా హెచ్చరించు, కాలిపోయిన చెట్లు కాకుండా విషానికి మాడిన ఆకులు చూపించు. తెలిసీ లోపలికి వెళ్లడం, పారిపోవడం, బేరమాడటం, మూడూ వాళ్ల ఇష్టం.

ముఖ్యమైన సమాచారం ఏదైనా ఒక్క మనిషి దగ్గరే దాచకు. ఆ మనిషిని మొదటి నిమిషంలోనే చంపేస్తారు, రాసిపెట్టుకో.

ఆడటం మొదలుపెట్టే ముందు ఒక రోజు క్యారెక్టర్ షీట్లు (పాత్రల వివరాల కాగితాలు) నింపడానికే కేటాయించు. ఎవరికి పోరాటాలు ఇష్టమో, ఎవరికి మాటలు ఇష్టమో, ఏ విషయం బల్ల మీదకి రాకూడదో అప్పుడే అడుగు. మొదటి సెషన్ మూడు గంటలు దాటనివ్వకు, గుహ పూర్తికాకపోయినా సరే. వెళ్లే ముందు వచ్చేసారి ఎటు పోదామనుకుంటున్నారో అడిగి, అంతవరకే తయారుచేసుకో.

ఆశీస్సులతో,
మీ బాబాయి