రేణిగుంటలో ఎండ కాస్తున్నా విమానం ఎందుకు ఆగుతుంది?

ప్రయాణ సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: మా అమ్మాయి ప్రసవానికి నవంబరు చివరి వారంలో అమెరికా వెళుతున్నాను. సాయంత్రం రేణిగుంట నుంచి హైదరాబాదుకు, అదే రాత్రి రెండున్నరకు అక్కడి నుంచి విదేశీ విమానానికి టికెట్లు వేర్వేరుగా తీసుకున్నాము. నడుమ ఆరు గంటల వ్యవధి ఉంది. వాన వల్ల మొదటి విమానం ఆలస్యమైతే రెండో టికెట్టు గతి ఏమిటి?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: రెండు టికెట్లు వేర్వేరు పీఎన్‌ఆర్‌లపై (బుకింగ్ నంబర్లపై) ఉన్నప్పుడు అవి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ప్రయాణాలే. మీరు హైదరాబాదులో వేళకు హాజరు కాకపోతే, కారణం తుపానైనా సరే, విదేశీ విమాన సంస్థ మిమ్మల్ని రాని ప్రయాణికురాలిగానే లెక్కిస్తుంది. రేణిగుంట నుంచి మిమ్మల్ని తీసుకువెళ్లిన సంస్థకు ఆ నష్టంతో నిమిత్తం ఉండదు. అదే రెండూ ఒకే పీఎన్‌ఆర్‌పై ఉండి ఉంటే, తప్పిన విమానానికి బదులు మరొక దానిలో పంపే బాధ్యత సంస్థదే అయ్యేది.

ఆరు గంటలని మీరు అనుకుంటున్నది కూడా నిజానికి ఆరు కాదు. హైదరాబాదులో దిగి, పెట్టెలు తీసుకుని, మళ్లీ అప్పగించాలి. విదేశీ విమానాల కౌంటరును సాధారణంగా గంట ముందే మూసివేస్తారు. మిగిలేది నాలుగు గంటల పైచిలుకు మాత్రమే. నవంబరు, డిసెంబరు నెలలు మనకు ఈశాన్య రుతుపవనాల కాలం, బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే కాలం. 2023 డిసెంబరు 4న మిచాంగ్ తుపాను వల్ల చెన్నై విమానాశ్రయాన్ని మరునాటి ఉదయం దాకా మూసివేశారు. ఆ తుపానే 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. అటువంటి రోజున నాలుగు గంటల వెసులుబాటు ఏ మూలకూ చాలదు.

కనుక ఒక రోజు ముందుగా హైదరాబాదు చేరడం మేలు. చిత్తూరు నుంచి కాచిగూడకు వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఉంది. అయితే రైలును కూడా పూర్తిగా నమ్ముకోలేము: 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు నందలూరు, రాజంపేట మధ్య పట్టాలు కొట్టుకుపోయి ఈ మార్గంలో రైళ్లు ఆగిపోయాయి. రైలైనా విమానమైనా ముందు రోజు బయలుదేరితేనే, ఒకటి తప్పినా మరొక దారి వెదుక్కునే సమయం చేతిలో ఉంటుంది. పలమనేరు, ములబాగిలు, కోలారు మీదుగా కారులో కొన్ని గంటల్లో చేరగల బెంగళూరును వదిలి చిత్తూరు వారు హైదరాబాదు దాకా ఎందుకు వెళతారో నాకు ఎన్నడూ అర్థం కాలేదు; టికెట్టు మార్చుకునే వీలుంటే ఆ సంగతీ ఆలోచించండి.

ప్రశ్న: డిసెంబరులో రేణిగుంటలో ఆకాశం నిర్మలంగా ఉండగా, వాతావరణం బాగాలేదంటూ మా విమానాన్ని నాలుగు గంటలు ఆపారు. పరిహారం అడిగితే రాదన్నారు. ఇది సాకు కాదా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: సాకు కావచ్చు, కాకపోనూ వచ్చు. మీరు ఎక్కవలసిన విమానం రేణిగుంటలో మీకోసం కాచుకుని ఉండదు; హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో వచ్చి, ప్రయాణికులను దించి, మిమ్మల్ని ఎక్కించుకుంటుంది. ఆ విమానమే ఉదయం ఢిల్లీలో పొగమంచుకు చిక్కుకుంటే, ఆనాటి దాని తక్కిన ప్రయాణాలన్నీ వరుసగా వెనక్కి జరుగుతాయి. పైలట్ల పని గంటలకు పరిమితి ఉన్నందువల్ల, ఆలస్యం పెరిగితే కొత్త పైలట్లను రప్పించవలసి రావచ్చు. పిడుగులు పడుతున్నప్పుడు ఇంధనం నింపడం, సామాను ఎక్కించడం కూడా ఆపివేస్తారు.

పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) నిబంధనల ప్రకారం, వాతావరణం వల్ల కలిగిన ఆలస్యానికి గాని రద్దుకు గాని సంస్థ నష్టపరిహారం చెల్లించనక్కరలేదు. కాని విమానం రద్దయితే మరొక విమానమో, టికెట్టు సొమ్మో కోరుకునే హక్కు ప్రయాణికునికి ఉంటుంది. చిన్న ప్రయాణాలలో రెండు గంటలు దాటిన ఆలస్యానికి ఫలహారం ఇవ్వాలన్న నియమం ఉన్నా, వాతావరణం పేరు చెప్పి సంస్థ తప్పించుకోవచ్చు. అయినా అడగడంలో తప్పులేదు. ఆలస్యానికి కారణాన్ని రాతపూర్వకంగా తీసుకోండి. అది నిజం కాదని తోస్తే విమాన ప్రయాణికుల ఫిర్యాదులకు ప్రభుత్వం నడిపే ఎయిర్‌సేవాలో ఫిర్యాదు చేయవచ్చు.

ప్రశ్న: విశాఖ నుంచి వచ్చే మా బావగారి విమానం రద్దయితే, తిరుమల రూ.300 దర్శనం టికెట్లు మరొక రోజుకు మారుస్తారా?
– ఒక పాఠకురాలు, తిరుచానూరు

జవాబు: మామూలుగా మార్చరు. 2021 నవంబరులో ఘాట్ రోడ్లు మూతపడేంత వాన కురిసినప్పుడు, రాలేకపోయిన భక్తులకు తరువాత దర్శనం చేసుకునే వీలును దేవస్థానం కల్పించింది గాని, ఒక్క విమానం రద్దయినంత మాత్రాన అటువంటి సడలింపును ఆశించలేము. మీ బావగారిని దర్శనానికి ముందు రోజే మీ ఇంటికి రమ్మనండి.