వాయిదా రోజు బస్టాండు దాకా ఎవరు తోడొస్తారు?

గుంతకల్లు నుంచి ఒకామె రాశారు. వయసు 31, ఆరేళ్ల పాప ఉంది. రెండేళ్లుగా పుట్టింట్లో ఉంటున్నారు. భర్త అనంతపురం ఫ్యామిలీ కోర్టులో విడాకులకు వేశాడు, ఈమె మనోవర్తికి వేశారు. పోయిన వాయిదా రోజు భర్త, మరిది కోర్టు గేటు నుంచి బస్టాండు దాకా వెంటబడి, "కేసు వాపసు తీసుకో, లేకుంటే పాప నీకు కనపడదు" అన్నారట. అప్పటి నుంచి వాయిదా దగ్గర పడితే అన్నం దిగదు, నిద్ర రాదు. నాన్న సర్దుకుపొమ్మంటున్నారు. అన్న "ఈసారి మనమూ నలుగుర్ని తీసుకుపోదాం" అంటున్నాడు. చివర ఇలా రాశారు: "నేను లేకపోతే అందరికీ పీడ వదులుతుందేమో."

అమ్మా, ఆ చివరి మాటకే ముందు జవాబు చెబుతాను. ఆ ఆలోచన అప్పుడప్పుడు వచ్చి పోతోందా, లేక పట్టుకుని వదలడం లేదా? వదలకుండా ఉంటే ఇది చదవడం ఆపేసి ఇంట్లో ఎవరినైనా పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి, ఆసుపత్రికి వెళ్లండి. 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, మనసు కష్టాలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం, రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడతారు. ఏం చెప్పాలో తెలియకపోతే "కోర్టు టెన్షన్‌తో బతకాలనిపించడం లేదు" అంటే చాలు, మిగతావి వాళ్లే అడుగుతారు. ఇంకొకటి. ఉత్తరంలో నాన్న ఉన్నారు, అన్న ఉన్నాడు, అమ్మ ఊసే లేదు. ఆమె ఉంటే ఈ రాత్రికే ఈ మాట ఆమె చెవిన వేయండి. లేకుంటే పిన్నికో, పక్కింటి అక్కకో చెప్పండి. వాయిదా ముందు రాత్రి మీరు ఒక్కరే పడుకోవద్దు.

ఇక మీ అన్న సంగతి. ఆయన ప్రేమను తప్పు పట్టను. కానీ మీరు నలుగురితో వెళితే అవతల ఎనిమిది మంది వస్తారు. మన సీమలో గేటు దగ్గర మాటా మాటా పెరిగితే ఎక్కడికి పోతుందో మీకు నేను చెప్పాలా? రేపు మీ కేసు పక్కన పెట్టి అన్న బెయిలు కోసం తిరగాల్సి వస్తుంది. కోపం లేని మనిషి ఒక్కరు చాలు, మేనత్త అయినా సరే.

వకీలు కేసు వాదిస్తారు గానీ మిమ్మల్ని బస్సెక్కించరు. అందుకని దారి మీరే చూసుకోవాలి. ప్రతిసారీ ఒకే బస్సుకు వెళ్లొద్దు, గుంతకల్లుకు రైళ్లకేం కొదవ? పేరు పిలిచేదాకా చెట్టు కింద కాకుండా లోపల, జనం మధ్య కూర్చోండి. పని అయ్యాక అందరితో పాటు గేటు దాటకుండా కాసేపు ఆగి, అక్కడి కానిస్టేబుల్‌కు చెప్పి, ఆటోను లోపలికే పిలిపించుకోండి. వెంటపడితే నిలబడి వాదించొద్దు, పోలీసు సాయానికి 112 నొక్కండి. ఆ రోజు ఇంటికి చేరడం కష్టమైతే మహిళల హెల్ప్‌లైన్ 181కు చేయండి. ఆపదలో ఉన్న ఆడవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే సఖి వన్ స్టాప్ సెంటర్లో అయిదు రోజుల వరకు ఉండనిస్తారు.

అసలు లోటు ఇంకో చోట ఉంది. బస్టాండులో ఏం జరిగిందో జడ్జిగారికి తెలియదు, ఎందుకంటే అది కాగితం మీద లేదు. తేదీ, టైము, వాళ్లన్న మాటలు ఉన్నవున్నట్టు రాసి, మీ వకీలు ద్వారా మెమో, అంటే కోర్టుకిచ్చే చిన్న విన్నపం, వేయించండి. వీడియో ద్వారా హాజరయ్యే వీలు అడగమనండి. రాజీ కోసం కూర్చోబెడితే "ఒకే గదిలో కూర్చోను, విడిగా మాట్లాడండి" అని మీరు అడగొచ్చు, మొహమాటపడొద్దు. బెదిరింపు మెసేజీలు అసహ్యమనిపించినా డిలీట్ చేయొద్దు. ఫోన్లో అతనికి తెలిసిన పాస్‌వర్డులు మార్చేయండి.

విడాకుల కేసు నడుస్తుంటే గృహహింస కేసు వేయకూడదని చాలామంది అనుకుంటారు. కాదు. 2005 చట్టం కింద, మీరు ఇప్పుడు ఉంటున్న చోటి మేజిస్ట్రేట్ కోర్టులోనే వేయొచ్చు, అనంతపురం పోనక్కరలేదు. మీ జోలికి రావద్దని ఆ కోర్టు ఇచ్చే రక్షణ ఉత్తర్వు వచ్చాక అతను మీరితే ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఫీజు భయం ఉంటే న్యాయ సేవాధికార సంస్థకు 15100 మీద అడగండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.

మీ నాన్నగారు సర్దుకుపొమ్మనడం పరువు భయంతో. ఆయనతో వాదించకండి, ఈ మెమో కాగితం చదివి వినిపించండి. ఆ బస్టాండు మాటలు ఆయన పూర్తిగా విన్నట్టు నాకు అనిపించలేదు.

పాప విషయం ఆలస్యం చేయొద్దు. ఆర్డరు లేకుండా తండ్రిని ఆపడం స్కూలు వాళ్లకు కష్టం. అందుకే గృహహింస పిటిషన్‌లోనే పాపను తాత్కాలికంగా మీ దగ్గర ఉంచమని అడగండి. ఆర్డరు రాగానే జిరాక్స్ తీసి హెడ్‌మాస్టరు చేతికివ్వండి. అప్పటిదాకా బడి వదిలే వేళకు మీరో, మీ అన్నో గేటు దగ్గర ఉండండి. అన్న గేటు దగ్గర ఉండాల్సిన అవసరం కోర్టు కన్నా అక్కడే ఎక్కువ.