అమ్మ పెళ్లిచీర కట్టుకోబోయే అమ్మడికి

అమ్మడూ,

జీలకర్ర బెల్లం ముహూర్తానికి తన కంచిపట్టు చీరే కావాలన్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. జగదాంబ సెంటర్లో అన్ని షాపులుండగా ఆ పాత చీర అడిగావంటే ఎంత గొప్పగా అనిపించిందో! ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. ముహూర్తం వైశాఖంలో, అదీ వైజాగ్‌లో. చెమట గురించి వేరే చెప్పాలా?

ముందు చీర మొత్తం విప్పి, పగటిపూట కిటికీకి అడ్డంగా పట్టుకుని చూడు. మడతల దగ్గర సన్నటి వెలుతురు గీతలు కనిపిస్తే పట్టు చీలుతోందన్నమాట. పీటల మీద కూర్చుని లేచేటప్పుడు సరిగ్గా అక్కడే పర్రుమంటుంది. ఇది తేలేదాకా జాకెట్టు మాట ఎత్తకు.

ఫాల్ కొత్తది వేయించు.

జరీ నల్లబడిందని ఎవరైనా చింతపండు వైద్యం చెబితే మాత్రం వినకు. నా పెళ్లిచీర అలాగే పోయింది. పెళ్లి హడావిడిలో మా అత్తగారింట్లో ఎవరో చెమటైనా ఆరకుండా మడతపెట్టి, ప్లాస్టిక్ కవర్లో కలరా ఉండలు వేసి బీరువాలో పెట్టేశారు. ఇల్లేమో చినవాల్తేరులో, కిటికీ ఊచలే తుప్పు పట్టే సముద్రపు గాలి. అసలు జరీ అంటే పట్టుదారానికి వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత పూసిందే కదా! వెండి నల్లబడక ఏం చేస్తుంది? మీ అమ్మ పెళ్లికి కట్టుకుందామని తీస్తే అంచంతా మసి. మీ అమ్మమ్మ పూజ కుందులు తోమినట్టే చింతపండు గుజ్జుతో రుద్దింది. తడి మీద మెరిసింది కూడా. ఆరాక చూస్తే బంగారు పూత పోయి తెల్లటి తీగ తేలింది, అంచు ఎరుపు పసుప్పచ్చ చీరలోకి దిగింది. ఆ రోజు అమ్మ అన్నం తినలేదు. ఆవిణ్ణి ఏమనగలను? అనాల్సింది ప్లాస్టిక్ కవర్లో పెట్టినవాళ్లని. (ఈ ముక్క మీ పెదనాన్నకి చెప్పకు.)

అందుకే మీ అమ్మ చీరని దగ్గరుండి నీడన ఆరేయించి, మెత్తటి పాత పంచెలో చుట్టించాను. మూడు నెలలకోసారి మడత మార్చమన్నాను. మార్చిందో లేదో నీ కిటికీ దగ్గర తెలిసిపోతుంది.

ప్రీ ప్లీటింగ్ వాళ్లకి ఇవ్వకు. హెయిర్ స్ట్రెయిటనర్ పెట్టి కుచ్చిళ్లు నొక్కేస్తారు, పాత పట్టు ఆ వేడికి ఆగదు. కుచ్చిళ్లు వెడల్పుగా నేనే పెడతాను. పిన్ను కింద చిన్న గుడ్డముక్క ఉండాలి. సెంటు కొట్టుకున్నాక అది ఆరితేనే చీర కట్టాలి. తలంబ్రాల వేళకి ఎలాగూ మధుపర్కాల్లో ఉంటావు కాబట్టి పసుపు బెంగ లేదు. ముందే ఎక్కడైనా అంటితే సబ్బు పెట్టకు, ఎర్రబడుతుంది.

చీర పనికిరాదని తేలితే ఏడుస్తూ కూర్చోకు తల్లీ. కొత్తది చూద్దాం. సిల్క్ మార్క్ ఉందో లేదో చూస్తే పట్టు సంగతి తెలుస్తుంది, జరీకి మాత్రం పోగు గీకించాలి. మంచి కంచి జరీలో లోపల ఎర్ర పట్టుదారం కనబడుతుంది. బరువు వద్దనుకుంటే ఉప్పాడ జాందానీ ఉంది. నేత తేలిక, మన వైశాఖానికి హాయి.

శనివారం వస్తున్నాను. ఈలోగా ఇస్త్రీపెట్టె దాని దగ్గరికి రానివ్వకు. జాకెట్టు కొలతలు కూడా ఆ రోజే. సన్నబడాలని రాత్రిపూట అన్నం మానేశావట, మీ అమ్మ అదీ చెప్పింది. వచ్చి నీ పని చెబుతాను.

మీ పెద్దమ్మ