బ్రేక్ పెడల్ మెల్లగా దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ చూడండి

ప్యాడ్లు, బ్రేక్ షూలు కొత్తవి వేయించినా మీ పాత మారుతి 800లో సిగ్నల్ దగ్గర తొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా దిగిపోతోందనీ, బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం మాత్రం తగ్గట్లేదనీ రాశారు కదండీ. నా అనుమానమంతా మాస్టర్ సిలిండర్ మీదే, అంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే భాగం మీదే. లోపలి రబ్బరు సీళ్లు అరిగితే ఆయిల్ బయటికి కారదు, సీలు దాటుకుని వెనక్కి డబ్బాలోకే పోతుంది. అందుకే మట్టం తగ్గదు.

ఇంజను ఆపి, పెడల్ నాలుగైదుసార్లు కొట్టి, గట్టిగా తొక్కి పట్టుకోండి. అయినా దిగుతుంటే ఇక సందేహం లేదు. వెనక డ్రమ్ములు విప్పి వీల్ సిలిండర్ల (బ్రేక్ షూలను డ్రమ్ముకు నొక్కేవి) రబ్బరు తొడుగుల కింద తడి ఉందేమో కూడా చూడండి, ఖర్చేమీ లేదు.

లోపలి రబ్బర్లు మాత్రమే మార్చే సీల్ కిట్ చాలంటారు మెకానిక్కులు. కానీ సిలిండర్ లోపలి గోడకు తుప్పు గుంటలు పడితే కొత్త సీళ్లనూ అవి కోసేస్తాయి. నా మాట విని మొత్తం సిలిండరే మార్చేయండి. తర్వాత డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ మూత తెరవని కొత్త డబ్బాలోంచే పోసి, నాలుగు చక్రాల దగ్గరా బ్రేక్ పైపుల్లోని గాలి తీయించండి. ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, రంగు తినేస్తుంది. అప్పటిదాకా బండి రోడ్డెక్కించకండి.