ప్లాటు అమ్మి సీఎస్ఈ సీటు కొనాలా, కన్వీనర్ కోటాలో మెకానికల్ చదివించాలా?

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాం): మేడమ్, నేను బాలానగర్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో టర్నర్‌ని, లేత్ మీద పని. వయసు 47. జీతం చేతికి 38 వేలు వస్తుంది. నా భార్య ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది, నెలకు 8 వేల దాకా వస్తాయి. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 30 వేలు. 5 లక్షల చిట్టీకి నెలకు 10 వేలు కడుతున్నా, ఇంకా 19 నెలలుంది. బ్యాంకులో మూడున్నర లక్షల ఎఫ్‌డీ, పీఎఫ్‌లో 9 లక్షలు ఉన్నాయి. షాద్‌నగర్ దగ్గర 150 గజాల ప్లాటు 2014లో రెండున్నర లక్షలకు కొన్నాను, ఇప్పుడు 12 లక్షలకు అడుగుతున్నారు. మా బాబుకు ఎప్‌సెట్ ర్యాంకు మీద మంచి కాలేజీలోనే కన్వీనర్ కోటాలో మెకానికల్ వచ్చింది, ఫీజు ఏడాదికి లక్షా 20 వేలు. వాడికి అదే ఇష్టం. చుట్టాలేమో మెకానికల్‌కి ఉద్యోగాల్లేవు, ప్లాటు అమ్మేసి మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్ఈ ఇప్పించమంటున్నారు. ఆ కాలేజీ కొంచెం చిన్నది, ఏడాదికి 3 లక్షలు. ప్లాటు అమ్మాలా? మెకానికల్‌కే పంపితే ఫీజుకి పీఎఫ్ తీయాలా, లోన్ తీసుకోవాలా? మా పాప తొమ్మిదో తరగతి. ఇంకో మాట, లాప్‌టాప్ ఇప్పుడే కొనాలా?

జవాబు: ముందు మీ ఉత్తరంలోని ఒక సంగతి గురించి చెప్పాలి. సెలవుల్లో బాబు మీ వెంట వర్క్‌షాపుకి వచ్చి, మీరు తిప్పిన షాఫ్ట్‌ని మైక్రోమీటర్‌తో కొలిచి "0.02 ఎక్కువ ఉంది నాన్నా" అన్నాడని, మీరు మళ్లీ కొలిస్తే అంతే ఉందని రాశారు. ఆ నాలుగు ముక్కలూ నేను రెండుసార్లు చదివాను. మెకానికల్‌లో చేరే పిల్లల్లో చాలామందికి అది కౌన్సెలింగ్‌లో మిగిలిన బ్రాంచి. మీ వాడికి అది చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగిన పని. ఇష్టమొక్కటే ఉంటే జీతం రాదు, నిజమే. కానీ నాలుగేళ్లు బ్యాక్‌లాగ్‌లు లేకుండా గట్టెక్కించేది అదే, ఒక్క ఏడాది డిటైన్ అయినా మీ లెక్కంతా తప్పుతుంది.

నా సలహా సూటిగా చెబుతాను. ప్లాటు అమ్మొద్దు, పీఎఫ్ ముట్టుకోవద్దు. బాబును మెకానికల్‌లోనే చేర్చండి. ఫీజులో కొంత భాగానికి విద్యారుణం తీసుకోండి. అయితే ఒక షరతు. మెకానికల్‌ని నాలుగేళ్ల ఖర్చుగా కాకుండా ఆరేళ్ల ఖర్చుగా చూడాలి. ఈ మాట మీకు ఎవరూ చెప్పి ఉండరు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మా తమ్ముడు 2009లో మెకానికల్ పూర్తి చేశాడు. అప్పుడు మార్కెట్ ఎలా ఉందో మీకు గుర్తుండే ఉంటుంది. 14 నెలలు ఖాళీగా ఉన్నాడు. తర్వాత పుణేలో ఆటో విడిభాగాలు చేసే కంపెనీలో ట్రైనీగా తీసుకున్నారు. ఆ జీతం గది అద్దెకీ మెస్సుకీ సరిపోయేది, అంతే. మా నాన్న రిటైర్మెంట్ డబ్బులో కొంత పక్కన పెట్టి రెండేళ్లపాటు నెల నెలా పంపారు కాబట్టి వాడు ఆ లైన్‌లో నిలబడ్డాడు. వాడితో చదివిన ఇద్దరు ముగ్గురు ఇంటి ఈఎంఐల టెన్షన్ తట్టుకోలేక, దొరికిన కాల్ సెంటర్ ఉద్యోగంలో చేరి మళ్లీ ఇటు రాలేదు. చదువులో వాళ్లు మావాడి కన్నా తక్కువేం కాదు. డిగ్రీ చేతికొచ్చాక వాళ్ల ఇళ్లలో డబ్బు అయిపోయింది. మెకానికల్ పిల్లలకు అసలు ఇబ్బంది అక్కడే వస్తుంది. మొదటి జీతం చిన్నది, ఒక్కోసారి ఆలస్యంగా వస్తుంది, గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) రాయాలంటే ఇంకో ఏడాది పడుతుంది. పని చేతికొచ్చాక జీతం పెరుగుతుంది, కానీ అప్పటిదాకా ఇల్లు ఓపిక పట్టాలి. ఆ ఓపికకి అయ్యే డబ్బు ఇప్పుడే పక్కన పెట్టాలి.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. వడ్డీ 10 శాతం అనుకుందాం, మీ బ్యాంకు రేటు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు.

సీఎస్ఈ సీటుకు 12 లక్షలు కావాలి. ప్లాటు అమ్మితే ఆ 12 లక్షలూ మీ చేతికి రావు. తొమ్మిదిన్నర లక్షల లాభం మీద 12.5 శాతం పన్నుంది, లక్ష పైనే పోతుంది. ప్లాటు ఉంచి అంతా అప్పుగా తెస్తే, కోర్సు అయ్యాక ఇంకో ఏడాది దాకా వాయిదాలు కట్టక్కర్లేదు కానీ వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఏటా 3 లక్షల చొప్పున తీసుకుంటే ఐదో ఏడు చివరికి బాకీ 16 లక్షల 20 వేలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 21,400. చిన్న కాలేజీలో సీఎస్ఈ చదివిన పిల్లవాడికి మొదటి ఉద్యోగంలో అంత ఈఎంఐ కట్టే జీతం వస్తుందని నేను భరోసా ఇవ్వలేను. బ్రాంచి పేరు ఒక్కటే చూసి కంపెనీలు క్యాంపస్‌కి రావు, కాలేజీని చూసి వస్తాయి. పైగా 2024-25 నుంచి ఏఐసీటీఈ (ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ) బ్రాంచిల్లో సీట్ల పరిమితి ఎత్తేసింది. సీఎస్ఈ సీట్లు ఎన్ని పెరిగాయో మీరే చూస్తున్నారు. నాలుగేళ్ల తర్వాత మీ వాడు పోటీ పడాల్సింది ఆ గుంపుతోనే.

మెకానికల్‌కి ఏడాదికి ఫీజు లక్షా 20 వేలు, బస్సుకి 25 వేలు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు, డ్రాఫ్టర్, వర్క్‌షాప్ యూనిఫాం, బూట్లు అన్నీ కలిపి ఇంకో 15 వేలు వేసుకోండి. మొత్తం లక్షా 60 వేలు. ఇందులో లక్ష విద్యారుణం, 60 వేలు మీ జేబు నుంచి. ఇంటి ఖర్చు, చిట్టీ పోను మీ దగ్గర నెలకు 6 వేలు మిగులుతున్నాయి. దాంట్లో 5 వేలు ఈ 60 వేలకి సరిపోతాయి. మిగతా వెయ్యితో లోన్ వడ్డీ నెల నెలా కట్టేయండి, మొదటి ఏడాది అది నెలకు 833 రూపాయలే. రెండో ఏడాది 1,667 అవుతుంది, అక్కడ ఒకట్రెండు వందలు కాదు, ఆరేడు వందలు లోటు పడుతుంది. ఆ ఏడాదిలోనే చిట్టీ ముగుస్తుంది కాబట్టి ఆ తర్వాత ఇబ్బంది ఉండదు. మూడో ఏడాది 2,500, నాలుగో ఏడాది 3,333.

ఇలా వడ్డీ ఎప్పటికప్పుడు కడితే చివర్లో అసలు 4 లక్షలే ఉంటుంది. ఏడేళ్లలో తీరిస్తే నెలకు 6,640. కట్టకుండా వదిలేస్తే బాకీ 5 లక్షల 40 వేలై, ఈఎంఐ 9 వేలకు చేరుతుంది. చదువుతున్నప్పుడే వడ్డీ కట్టేవారికి చాలా బ్యాంకులు రేటులో ఒక శాతం తగ్గిస్తాయి, అడిగి రాయించుకోండి.

4 లక్షలే ఎందుకన్నానంటే, బ్యాంకుల విద్యారుణ పథకంలో ఆ మొత్తం దాకా తాకట్టు అడగరు, మీ వాటా డబ్బు చూపమని కూడా అడగరు. 4 లక్షలు దాటితే మార్జిన్ (అదే, మీ వాటా), ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి పత్రాలు అంటూ మొదలవుతుంది. బ్యాంకుకి వెళ్లేముందు కాలేజీ కేంద్ర ప్రభుత్వ విద్యారుణ పథకం పీఎం విద్యాలక్ష్మి జాబితాలో ఉందేమో పోర్టల్‌లో చూడండి. ఉంటే, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉన్నవారికి చదువు కాలంలో వడ్డీపై 3 శాతం రాయితీ వస్తుంది. మీ ఆదాయం సుమారు ఐదున్నర లక్షలే, కాబట్టి తహసీల్దార్ ఆఫీసు నుంచి ఆదాయ ధ్రువపత్రం ఇప్పుడే తీసుకోండి. ఈ ఆదాయంతో రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ మాత్రం మీకు రాదు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

పీఎఫ్ సంగతి. పిల్లల చదువుకి తీసుకోవచ్చు, రూల్ ఉంది. కానీ ఇటీవలి ఏళ్లలో ఇస్తున్న 8.25 శాతమే కొనసాగితే, ఇప్పుడు తీసే 5 లక్షలు మీకు 58 ఏళ్లు వచ్చేసరికి దాదాపు 12 లక్షలు అయ్యేవి. లేత్ ముందు రోజంతా నిలబడే పని మీది. 58 దాటాక కూడా నిలబడమని నేను చెప్పలేను. బాబు చదువుకి బ్యాంకు అప్పిస్తుంది, మీ ముసలితనానికి ఎవరూ ఇవ్వరు.

చిట్టీ కూడా ఇప్పుడు పాట పాడి ఎత్తొద్దు. చివరిదాకా ఉంచితే కమిషన్ పోను 4 లక్షల 75 వేల దాకా వస్తుంది. నేను చెప్పిన ఐదు, ఆరో ఏళ్ల డబ్బు ఇదే. అందులో 2 లక్షలు బాబు పేరుతో బ్యాంకులో ఎఫ్‌డీ వేసి మర్చిపోండి. షేర్లలో పెట్టొద్దు. డిగ్రీ అయ్యాక ఐదో ఏడాది లోన్ వడ్డీకి 40 వేలు, నెలకు 5 వేల చొప్పున ఏడాదిన్నర చేతిఖర్చుకి 90 వేలు, ఊరు మారితే గది అడ్వాన్సుకీ ప్రయాణాలకీ 30 వేలు, ఇంకో 40 వేలు గేట్ ప్రిపరేషన్‌కో, ఏదైనా మంచి కోర్సుకో. కోర్సంటే అమీర్‌పేట బోర్డులు చూసి వెళ్లక్కర్లేదు. సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ మీ బాలానగర్‌లోనే ఉంది, 1968 నుంచి. సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే యంత్రాలు), క్యాడ్-క్యామ్ (కంప్యూటర్‌తో డిజైన్, తయారీ) షార్ట్ కోర్సులు అక్కడే నేర్పుతారు.

మిగతా 2 లక్షల 75 వేలు పాపవి. బాబు మూడో ఏడాదిలోకి వెళ్లేసరికి తను ఇంటర్‌లో ఉంటుంది. బాబు ఉద్యోగం వెతుక్కునే ఏడాదే తన డిగ్రీ మొదలవుతుంది. రెండు ఖర్చులూ సరిగ్గా ఒకేసారి వస్తున్నాయి. ప్లాటు అమ్మొద్దని అంత గట్టిగా చెప్పడానికి పెద్ద కారణం ఇదే. ఆ ప్లాటులో పాపకీ వాటా ఉంది, బాబు సీటుకి మొత్తం కరిగించేస్తే తన వంతు వచ్చేసరికి మీ దగ్గర ఏమీ మిగలదు. చిట్టీ అయ్యాక మిగిలే నెలకు 10 వేలల్లో, బాబు లోన్ వడ్డీకి పోగా ఎంత వీలైతే అంత తన కోసం ఆర్‌డీ కట్టండి.

ఎఫ్‌డీలో 2 లక్షలు అత్యవసరానికి కదిలించొద్దు. మిగతా లక్షన్నరలోంచి మొదట మీ పేరుతో 50 లక్షల టర్మ్ పాలసీ తీసుకోండి. ఉత్తరంలో మీరు ఎల్ఐసీ పాలసీ ఒక్కటే రాశారు, అది 2 లక్షలది. ఈ లెక్కలన్నీ మీ రెండు చేతుల మీద నడుస్తున్నాయి. బ్యాంకులో 436 రూపాయల జీవన్ జ్యోతి, 20 రూపాయల సురక్షా బీమా ఫారాలు కూడా ఈ వారమే నింపండి. ఒక్కోటి 2 లక్షల కవర్, జీవన్ జ్యోతిలో 50 ఏళ్ల లోపే చేరాలి.

కాలేజీలో రిపోర్ట్ చేసే ముందు ఒక పూట సెలవు పెట్టి బాబుతో వెళ్లి మెకానికల్ బ్లాక్ చూడండి. ఇది మీకు తప్ప వేరే తల్లిదండ్రులకు చేతకాని పని. లేత్‌లు నూనె పట్టి తిరుగుతున్నాయా, దుమ్ము పట్టి ఉన్నాయా ఒక్క చూపులో మీకు తెలిసిపోతుంది. చాలా ప్రైవేటు కాలేజీలు మెకానికల్ సీట్లు తగ్గించుకుని సీఎస్ఈ పెంచుకుంటున్నాయి, అలాంటి చోట ల్యాబ్ పేరుకే ఉంటుంది. న్యాక్ గుర్తింపు కాలేజీ మొత్తానికి ఇస్తారు, ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచిని బట్టి ఇస్తారు. మెకానికల్‌కి ఎన్‌బీఏ ఉందా అని అడగండి. ల్యాబ్ బాగా లేకపోతే నాకు మళ్లీ రాయండి, అప్పుడు లెక్క మారుతుంది.

చుట్టాలు చెప్పేది పూర్తిగా అబద్ధమని నేను అనను. క్యాంపస్‌లో మెకానికల్‌కి వచ్చే కంపెనీలు తక్కువే. కానీ ఆదిభట్ల, జహీరాబాద్, శ్రీసిటీ, పెనుకొండ లాంటి చోట్ల ఫ్యాక్టరీలున్నాయి, గేట్ స్కోరుతో ప్రభుత్వ రంగ సంస్థలున్నాయి, రైల్వే జూనియర్ ఇంజినీర్ ఉద్యోగం ఉంది, నోటిఫికేషన్ వచ్చినప్పుడు రవాణా శాఖలో ఏఎంవీఐ (అసిస్టెంట్ మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్) పోస్టులున్నాయి. గేట్‌తో ఎంటెక్ సీటొస్తే నెలకు 12,400 స్టైపెండ్ వస్తుంది. వీటిలో ఏదీ డిగ్రీ అయిన నెలలో చేతికి రాదు, అందుకే ఆ 2 లక్షలు. బాబుకి ఒక్క మాట చెప్పండి. మ్యాథ్స్, ఇంజినీరింగ్ డ్రాయింగ్, రెండో ఏడాదిలో థర్మోడైనమిక్స్, ఎస్ఓఎం (స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్), ఇవి పోకుండా చూసుకోమనండి. బ్యాక్‌లాగ్ ఉంటే చాలా కంపెనీలు పరీక్షకే కూర్చోనివ్వవు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు బయట కొననివ్వకండి, మీ వర్క్‌షాపులో ఒక ఫిక్చర్ (పని ముక్కను కదలకుండా పట్టే బిగింపు) చేసినా ఇంటర్వ్యూలో దాని గురించి అరగంట మాట్లాడగలడు.

ఇక లాప్‌టాప్. మొదటి ఏడాది చేతితో డ్రాయింగ్, ఫైలు పట్టడం, వెల్డింగ్, ఫిజిక్స్ ల్యాబ్, వీటితోనే గడుస్తుంది. మీరు ఇప్పుడు 40 వేలు పెట్టి మామూలుది కొంటే మూడో ఏడాది సాలిడ్‌వర్క్స్, ఆన్సిస్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు తెరిచేసరికి అది ఆగిపోతుంది, మళ్లీ కొనాలి. రెండో ఏడాది చివర్లో గ్రాఫిక్స్ కార్డు ఉన్నది 65 వేలల్లో చూడండి, ఎఫ్‌డీలో ఆ డబ్బు ఉంచాం. ఆటోడెస్క్ సాఫ్ట్‌వేర్లు, ఆన్సిస్ స్టూడెంట్ వెర్షన్ విద్యార్థులకు ఉచితం, వాటికి ఎవరికీ డబ్బు కట్టొద్దు. ఇప్పుడు కొనాలనిపిస్తే ఒక మంచి వెర్నియర్ కాలిపర్ కొనివ్వండి. ఏది మంచిదో మీకే బాగా తెలుసు.