మట్టి పిసికే గంటలో మనసుకు ఏం జరుగుతుంది?

ప్రశ్న: కుంగుబాటుకు మందులు వాడుతున్న మా అమ్మ వారానికొకసారి ఆర్ట్ థెరపీకి (బొమ్మలు, మట్టిపని వంటి కళలతో చేసే మానసిక చికిత్సకు) వెళుతున్నారు. ఒకరోజు థెరపిస్టు అనుమతితో నేనూ పక్కన కూర్చున్నాను. అమ్మ బంకమట్టితో గిన్నె చేస్తూ నేను పిలిచినా పలకలేదు, గంట గడిచాక “అప్పుడే అయిపోయిందా?” అన్నారు. ఇది కోలుకోవడమా, బాధ నుంచి తప్పించుకోవడమా? ఇంట్లో రంగులు వేసుకుంటే సరిపోదా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు వర్ణించిన స్థితిని మనస్తత్వ శాస్త్రంలో ‘ఫ్లో’ అంటారు, మన ‘తన్మయత్వం’ దానికి బాగా దగ్గరి మాట. 1960లలో షికాగోలో చిత్రకళ విద్యార్థులను పరిశీలించిన మనస్తత్వవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్, వాళ్లు ఆకలీ అలసటా మరిచి బొమ్మ వేయడం, తీరా అది పూర్తయ్యాక పక్కన పెట్టేసి ఇంకొకటి మొదలుపెట్టడం గమనించారు. వాళ్లకు కావలసింది తయారైన బొమ్మ కాదనీ, వేయడంలోనే వాళ్ల సంతోషం ఉందనీ ఆయనకు అర్థమైంది.

ఈ స్థితి కలగాలంటే చేయవలసిన పని స్పష్టంగా ఉండాలి, చేసినదాని ఫలితం వెంటనే తెలియాలి, పని మన చేతనైనదానికి కాస్త పైమెట్టున ఉండాలి. బంకమట్టిలో ఇవన్నీ సహజంగానే ఉన్నాయి. గిన్నె అంచు పగులుతుంది, వేలు తడిచేసి రుద్దితే అతుక్కుంటుంది, నీరు ఎక్కువైతే గోడ జారిపోతుంది. ప్రతి క్షణం మట్టి ఏదో ఒక జవాబు చెబుతూనే ఉంటుంది. కుంగుబాటులో మనసు ‘నా వల్లే ఇలా అయింది’ వంటి ఒకే ఆలోచన చుట్టూ తిరుగుతుందని మీకు తెలిసే ఉంటుంది. ధ్యాసంతా ఆ అంచు మీద ఉన్నంతసేపు అటువంటి ఆలోచనకు చోటు దొరకదు. ఆ విరామం చిన్నదే అయినా, నెలల తరబడి విరామమే ఎరుగని మనిషికి అది చాలా విలువైనది.

అయితే తన్మయత్వమే చికిత్స అనుకోకూడదు. పనిలోని కష్టాన్ని రోగి శక్తికి తగినట్టు సర్దడంలో థెరపిస్టు నేర్పు కనిపిస్తుంది: నీటిరంగులు అదుపు తప్పి పారుతుంటే కంగారుపడే వ్యక్తికి పెన్సిల్ ఇస్తారు, సంగీతంతో చేసే చికిత్సలోనైతే రోగి వాయించే లయకు తామే జతకలుస్తారు. ఆ తరువాత చేసినదాన్ని ఎదురుగా పెట్టుకుని ఇద్దరూ చూడడం, వీలైతే మాట్లాడుకోవడం ఉంటుంది. నా దృష్టిలో చికిత్సకు అదే ఆయువుపట్టు. ఏదో ఒకరోజు అమ్మగారు పనిలో లీనం కాకుండా ఏడ్చినా, మట్టిని పక్కకు నెట్టేసినా ఆ గంట వృథా అయిందని అనుకోకండి.

ఇక తప్పించుకోవడం సంగతి. తన్మయత్వంలో ధ్యాస పదునుగా ఉంటుంది. చేతులు మట్టిలోని మార్పును పట్టుకుంటూ ఉంటాయి, ఏం చేశామో తరువాత చెప్పగలుగుతాం. అలా కాకుండా చూపు శూన్యంగా మారి, చేతులు యంత్రంలా కదిలి, చేసినదేదీ గుర్తులేక మొద్దుబారినట్టు బయటికి వస్తుంటే అది వేరే విషయం, వెంటనే థెరపిస్టుకు చెప్పాలి. “అప్పుడే అయిపోయిందా?” అన్న మాటలో నాకైతే ఇంకాసేపు ఉండాలన్న కోరిక వినిపించింది. ఏమీ వద్దనిపించే జబ్బులో అది మంచి సూచన.

ఇంట్లో రంగులు వేసుకోవడం హాయినిస్తుంది, తప్పక వేసుకోనివ్వండి. 2016లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 39 మంది పెద్దలు 45 నిమిషాలు కళాకృతులు చేయగా, సుమారు 75 శాతం మందిలో ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ అనే హార్మోన్ తగ్గింది. కానీ వాళ్లంతా ఆరోగ్యవంతులు, పైగా ఆ గదిలో ఒక ఆర్ట్ థెరపిస్టు ఉన్నారు. కాబట్టి దీన్ని చూసి థెరపీ గానీ, వైద్యుణ్ణి అడగకుండా మందులు గానీ మానిపించవద్దు.

అమ్మగారు గిన్నెను ఇంటికి తెస్తే బాగుందనో బాగాలేదనో తీర్పు చెప్పకండి, వచ్చినవాళ్లకు చూపించకండి. ఆ అంచును ఎలా అతికించారో మాత్రం అడగండి.