నాటుకోడిని శుభ్రం చేసేటప్పుడు పిల్లల చేత ఏ పని చేయించవచ్చు?

చెప్పిన మాట వినే వయసు పిల్లలకు ఈకలు పీకే పని నిశ్చింతగా ఇవ్వవచ్చు. వేడినీళ్లు, కత్తి, పేగులు తీయడం మాత్రం పెద్దల పనులే. కోసిన కోడిని 60–65 డిగ్రీల నీళ్లలో నిమిషంపాటు ముంచితే ఈకల కుదుళ్లు వదులై, చిన్న వేళ్లకు కూడా సులువుగా ఊడివస్తాయి. మరిగే నీళ్లయితే చర్మం ఉడికి ఈకతోపాటే చిరుగుతుంది. అసలు జాగ్రత్త క్రిముల విషయంలో. సాల్మొనెల్లా వంటివి పేగుల్లో ఉంటాయి, ఈకలకూ అంటుకుంటాయి. చిత్తూరు పల్లెల్లో కనుమ నాడు ఈకలు పీకిన చేత్తోనే పిల్లలు అరిసె అందుకోబోతారు. ముందు గోళ్ల సందులతో సహా సబ్బుతో కడిగించి తీరాలి. పసుపు పూస్తే క్రిములన్నీ చస్తాయని చాలామంది నమ్మకం, అది నిజం కాదు. వాటిని చంపేది ముక్క లోపలిదాకా చేరిన 74 డిగ్రీల వేడి.